వనభోజనాల్లో తుపాకీ మర్యాదలు

కార్తీకం దగ్గర పడుతోంది. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్‌లలో మన సంఘాలు పార్కుల్లో షెల్టర్లు బుక్ చేసుకునే హడావిడిలో ఉన్నాయి. పులిహోర ట్రేలు ఎన్ని కావాలి, పెరుగన్నం ఎవరి వంతు, ఉసిరి చెట్టే లేని చోట ఉసిరి కొమ్మ ఎక్కడి నుంచి తేవాలి అని వాట్సాప్‌లో అర్ధరాత్రి దాకా చర్చలు. ఇన్ని చర్చల్లో, చొక్కా కింద పిస్తోలు దాచుకుని వచ్చే ఇంటి పెద్ద సాధకబాధకాలు మాత్రం ఒక్కరికీ పట్టలేదు. ఆయన తరఫున నాలుగు మాటలు చెప్పడం నా సామాజిక బాధ్యతగా భావిస్తున్నాను.

ముందుగా చట్టం సంగతి. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్లు నిండి, చట్టపరమైన అనర్హత ఏదీ లేనివాళ్లు లైసెన్సు లేకుండానే చేతితుపాకీ వెంట పెట్టుకుని తిరగొచ్చు. అదే పెద్దమనిషి చెరువు గట్టున గాలం వేస్తే మాత్రం గేమ్ వార్డెన్ (వేట, చేపల చట్టాలు అమలు చేసే అధికారి) వచ్చి ఫిషింగ్ లైసెన్సు చూపించమంటాడు. చేపల ప్రాణాలకు ఆ మాత్రం భద్రత ఉండాలి కదా.

హెచ్-1బి మీద ఉన్న మనవాళ్లు నిరుత్సాహపడనక్కర్లేదు. వలసేతర వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం చెబుతుంది. వెంటనే, వేట లైసెన్సు ఉంటే ఉంచుకోవచ్చని కూడా అదే చెబుతుంది. గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తూ జుట్టు నెరిసిన మనిషికి అమెరికాలో కాస్త త్వరగా చేతికొచ్చే కాగితం ఇదొక్కటేనేమో. పావురాల వేటకని తీసుకున్న లైసెన్సుతో పిస్తోలు కొనుక్కోవచ్చు. పావురాలకు ఈ విషయం తెలియకుండా చూసుకోవాలి.

ఎక్కడ తీసుకెళ్లొచ్చు, ఎక్కడ కూడదు అన్నది ఇంకా లోతైన శాస్త్రం. హైస్కూలు, కాలేజీ, ప్రొఫెషనల్ ఆటలు జరిగే చోట టెక్సస్ చట్టం ఒప్పుకోదు. ఊరి పార్కులో ఆరేళ్ల పిల్లలు సాకర్ ఆడే లీగ్ ఆ జాబితాలో లేదు. అమ్యూజ్‌మెంట్ పార్కులో కూడదు, కానీ అది చట్టం ఒప్పుకునే అమ్యూజ్‌మెంట్ పార్కు కావాలి: పది లక్షలకు మించిన జనాభా ఉన్న కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఉండాలి, విస్తీర్ణం కనీసం 75 ఎకరాలు, ఏడాదిలో 120 రోజులకు పైగా తెరిచి ఉండాలి. 74 ఎకరాల పార్కులో రంగులరాట్నం ఎక్కిన పిల్ల పరిస్థితి ఏమిటంటే, ముందు సర్వేయరు గొలుసు తీసుకుని రావాలి. దుకాణదారుడు తుపాకీలు వద్దనుకుంటే బోర్డు పెట్టుకోవచ్చు. లైసెన్సు ఉన్నవాళ్లు దాచుకున్న తుపాకీకి ఒక బోర్డు, వాళ్లదే పైకి కనబడే తుపాకీకి ఇంకో బోర్డు. అక్షరం కనీసం అంగుళం ఎత్తు, ఇంగ్లిష్‌లోనూ స్పానిష్‌లోనూ రాయించాలి. అక్షరం పొట్టిదైతే బోర్డు చెల్లదని వాదించే లాయర్లు ఉండనే ఉన్నారు.

నేషనల్ పార్కుల కథ మరీ ముచ్చటైనది. 2009లో క్రెడిట్ కార్డు కంపెనీల ఆగడాలకు కళ్లెం వేస్తూ ఒబామా ఒక చట్టంపై సంతకం చేశారు. దాని వెనకాలే తగిలించిన ఒక నిబంధన పుణ్యమా అని 2010 ఫిబ్రవరి 22 నుంచి నేషనల్ పార్కుల్లోకి, ఆ రాష్ట్ర చట్టం ఒప్పుకుంటే, తుపాకీ తీసుకెళ్లొచ్చు. ఆలస్య రుసుముకూ ఎలుగుబంటికీ ఏమిటి సంబంధమని అడగకండి. కాలిబాట మీద తుపాకీ ఉండొచ్చు, విజిటర్ సెంటర్ భవనంలో ఉండకూడదు. అంటే ఎలుగుబంటి తరుముకొస్తే భవనంలోకి పరిగెత్తే ముందు తుపాకీని ఎక్కడ పెట్టాలో ఆలోచించుకోవాలి.

ఇక అసలు సమస్య, ఆటలు. వనభోజనాల్లో కబడ్డీ తప్పదు. ఏడాది పొడవునా కుర్చీలోంచి లేవని ఆర్కిటెక్టు కూడా ఆ రోజు కూతకు వెళ్తాడు. బొడ్డు పక్కగా, ప్యాంటు లోపల తుపాకీ దోపుకోవడాన్ని అపెండిక్స్ క్యారీ అంటారు. ఆ స్థితిలో వంగితే తుపాకీ మొన ఎటు చూస్తుందో ఇక్కడ రాయను, ఈ వ్యాసం ఇంటిల్లిపాదీ చదువుతారు. పోనీ చీలమండకు కట్టుకుందామా అంటే, కబడ్డీలో అందరి గురీ చీలమండ మీదే. కార్నర్‌లో కాచుకుని ఉన్న బావమరిది ఒక్క ఉదుటున కాలు పట్టేస్తాడు. చేతికి తగిలింది ఎముక కాదని తెలిసి నిప్పు ముట్టుకున్నట్టు వదిలేస్తాడు. పాయింటు ఎవరికివ్వాలి? రైడర్‌కే ఇవ్వడం మంచిది. అతనితో వాదనకు దిగే రిఫరీ మన సంఘంలో ఉన్నాడనుకోను.

క్రికెట్ కాస్త నయం, కానీ అక్కడా చిక్కుంది. ఎల్బీకి రెండు చేతులూ ఎత్తి అరిస్తే టీషర్టు పైకి లేస్తుంది. అందుకని సాయుధ బౌలర్ ఒంటిచేత్తో అప్పీలు చేస్తాడు, రెండో చెయ్యి టీషర్టు అంచును కిందికి లాగి పట్టుకుని ఉంటుంది. గుడ్డ మీద తుపాకీ ఆకారం తేలితే దాన్ని ప్రింటింగ్ అంటారు, ఈ విద్యలో అది పరమ నామోషీ. జూలై ఎండలో జాకెట్ వేసుకుని ఫీల్డింగ్ చేసేవాణ్ని చూసి మతి పోయిందనుకోకండి.

డాన్సు మాత్రం వద్దని గట్టిగా చెబుతున్నాను. 2018 జూన్‌లో డెన్వర్‌లోని ఒక బార్‌లో, డ్యూటీలో లేని ఎఫ్‌బీఐ ఏజెంటు ఒకాయన హుషారుగా వెనక్కి పల్టీ కొట్టాడు. చుట్టూ జనం వలయంగా నిలబడి చూస్తున్నారు. నడుం దగ్గరి తుపాకీ జారి నేల మీద పడింది. గభాల్న వంగి తీశాడు, తీయడంలో అది పేలింది, చూస్తున్న ఒకాయన కాలికి తూటా తగిలింది. వీడియోలో ఏజెంటు తుపాకీని మళ్లీ నడుముకు దోపుకుని, చేతులు రెండూ పైకెత్తి అక్కడి నుంచి నడిచి వెళ్లిపోతాడు. తర్వాత కోర్టులో నేరం ఒప్పుకున్నాడు, రెండేళ్ల ప్రొబేషన్ పడింది. ప్రభుత్వం ఖర్చుపెట్టి శిక్షణ ఇచ్చిన మనిషి ఆయన. మన నాన్నగారికి శిక్షణ ఇచ్చింది యూట్యూబ్.

ఆడవాళ్ల కోసం లోపల తుపాకీకి జిప్పు అర ఉన్న హ్యాండ్‌బ్యాగులు కూడా అమ్ముతారు. 2014 డిసెంబరులో ఐడహో రాష్ట్రంలో ఒక సూపర్‌మార్కెట్లో అలాంటి బ్యాగు షాపింగ్ బండిలో ఉంది. అదే బండిలో కూర్చున్న రెండేళ్ల పిల్లాడి చెయ్యి ఆ అరలోకి వెళ్లింది. తల్లి అక్కడే చనిపోయింది. ఈ పేరాకు వ్యంగ్యం అతకడం లేదు, ముందుకు వెళ్దాం.

ఇంతకీ ఆ ఇంటి పెద్ద వనభోజనాల్లో ఏం తిన్నాడో, ఏం చూశాడో ఎవరైనా గమనించారా? చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చోలేడు, గుచ్చుకుంటుంది. పిల్లను భుజాన ఎక్కించుకోలేడు. వాళ్ల అమ్మాయి గోల్ కొట్టినప్పుడు ఆయన చూపు పార్కింగ్‌లో ఆగిన తెల్ల వ్యాను మీద ఉంది. అందులోంచి దిగింది ఐస్‌క్రీం అమ్మే మనిషి. రెస్ట్‌రూమ్‌కి వెళ్తే తుపాకీ ఎక్కడ పెట్టాలో టెన్షన్, పెట్టాక మర్చిపోతానేమోనని ఇంకో టెన్షన్. మర్చిపోవడం ఊరికే అన్న మాట కాదు. 2023లో అమెరికా విమానాశ్రయాల తనిఖీల్లో దొరికిన తుపాకులు 6,737. అందులో 93 శాతం తూటాలు నింపి ఉన్నవే. బ్యాగులో ఉన్న సంగతే గుర్తులేదని అక్కడ ఎక్కువగా వినిపించే సమాధానం. ఈతకు దిగుదామంటే కారులో పెట్టాలి, కారులో పెడితే దొంగలు అద్దం పగలగొట్టేది దానికోసమే. కుటుంబానికి కాపలాగా తెచ్చుకున్నదానికి ఆయన సాయంత్రం దాకా కాపలా కాసి, చల్లారిన మిర్చి బజ్జీ ఒకటి నిలబడి తిని ఇంటికెళ్తాడు.

కనుక కార్యవర్గానికి నా విన్నపాలు రెండు. ఆయనకు వీపు ఆనించుకోవడానికి గోడ ఉన్న కుర్చీ ఒకటి కేటాయించండి, బజ్జీలు వేడిగా ఉన్నప్పుడే అక్కడికి పంపండి. రెండోది, సైనప్ షీట్‌లో పులిహోర, పెరుగన్నం, పేపరు ప్లేట్ల పక్కన తుపాకీలకు కూడా ఒక గడి పెడదామని ఎవరో అన్నారట. కుదరదు. దాచుకున్నవాళ్లు పేరెలా రాస్తారు? ఎవరి దగ్గర ఉందో తెలియదు కాబట్టి అందరి దగ్గరా ఉందనుకునే కబడ్డీ జట్లు వేయాలి. నా పేరు మాత్రం ఈసారి మ్యూజికల్ చైర్స్‌లో రాసుకోండి. ఆ పాట ఉన్నట్టుండి ఆగినప్పుడు ఎవరూ ఉలిక్కిపడకుండా ముందే మైకులో ఒక మాట చెప్పండి.