పుంగనూరు ఆవును వదలని రైతు
పలమనేరు దగ్గర పుంగనూరు ఆవులను కాపాడుకుంటూ వచ్చిన పెద్దాయనపై మీ వ్యాసం చదివి మనసు నిండింది. ఆయన దొడ్డి నేను చూశాను. ఆవు మనిషి నడుము ఎత్తుకు మించదు, తోక మాత్రం నేలను తాకుతుంది. పాలు రోజుకు 3 నుంచి 5 లీటర్లే, కానీ వెన్న 8 శాతం దాకా ఉంటుంది. ఊరంతా జెర్సీ సంకర ఆవుల వైపు మళ్లినా ఆయన వీటిని అమ్మలేదు. అందుకు ఎంత నిబ్బరం కావాలో పాడి చేసినవాళ్లకే తెలుసు! పలమనేరు పశు పరిశోధన కేంద్రం ఈ జాతిని నిలబెట్టిన మాట నిజమే. అయితే పశువుల నోటికి, గిట్టలకు పుండ్లు తెచ్చే గాలికుంటు వ్యాధి టీకాలకు ఇల్లిల్లూ తిరిగి రైతులను ఒప్పించింది ఆయనే, ఈ సంగతి వ్యాసంలో రాలేదు. ఇప్పుడు నగరాల్లో ముచ్చట కోసం లక్షలు పోసి ఈ ఆవులను కొంటున్నారు. పల్లె రైతు అంత ధర ఎక్కడ పెట్టగలడు? మేలైన పుంగనూరు ఆబోతులు మన ఊళ్లకు అందేలా పశుసంవర్ధక శాఖ చూడాలి.