న్యాచాంగ్‌లో బీచ్ తప్ప ఏమీ లేదన్న మాట తప్పు

వియత్నాం వెళ్లేవాళ్ల మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. మా చుట్టాల గ్రూపులోకే మూడుసార్లు వచ్చింది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "న్యాచాంగ్ అంటే బీచ్, అంతే. రెండు రోజులు చాలు. అక్కడి హిందూ గుళ్లు పాడుబడిపోయాయి, పూజలేమీ లేవు, అరగంటలో ఫొటోలు దిగి వచ్చేయొచ్చు. అవన్నీ మన రాజులు వెళ్లి కట్టినవే. సముద్రంలో ఎక్కడ దిగినా పగడాలు కనిపిస్తాయి. శాకాహారులు మాత్రం బిస్కెట్లు మోసుకెళ్లాలి. వానల గొడవ లేదు కాబట్టి దసరా, దీపావళి సెలవులకు వెళ్లడం బెస్ట్."

మా అమ్మను తీసుకుని మార్చిలో ఆ ప్రాంతానికి వెళ్లి ఎనిమిది రోజులు ఉండి వచ్చాను. మెసేజ్ పంపేవాళ్లు మంచి ఉద్దేశంతోనే పంపుతున్నారు, కాదనను. కానీ ఇందులో ఒక్క మాట కూడా నిలబడదు. ఇది నమ్మి లక్షలు పోసి వెళ్లేవాళ్లు అసలైనవన్నీ వదిలేసి తిరిగొస్తున్నారు. నా బాధ అదే.

ముందు "బీచ్, అంతే" సంగతి. న్యాచాంగ్ ఉన్నది ఖాన్ హోవా ప్రావిన్సులో. 2025 జులై 1న పక్కనున్న నిన్ తువాన్ ప్రావిన్సును కూడా ఇందులో కలిపేశారు. ఊరి నుంచి దక్షిణంగా సుమారు వంద కిలోమీటర్లు వెళ్తే ఫాన్ రాంగ్ వస్తుంది. వియత్నాం మొత్తంలో వానలు బాగా తక్కువగా పడే నేల అది. దారి పొడవునా ద్రాక్ష పందిళ్లు, మేకల మందలు, ఉప్పుమడులు. పచ్చటి వరి చేలు, కొబ్బరి చెట్లు ఊహించుకుని వెళ్లిన మాకు రాయలసీమలోకి వచ్చామా అనిపించింది. అక్కడే నూయ్ చువా నేషనల్ పార్క్ ఉంది. ముళ్లపొదల మెట్ట అడవి నేరుగా సముద్రంలోకి దిగిపోతుంది, ఆ ఒడ్డున తాబేళ్లు గుడ్లు పెడతాయి. 2021లో యునెస్కో దాన్ని జీవావరణ రిజర్వుగా గుర్తించింది.

న్యాచాంగ్ ఊళ్లోనే చూడాల్సినవి తక్కువేమీ కాదు. 1922లో పెట్టిన సముద్ర పరిశోధన సంస్థలో 18 మీటర్ల తిమింగలం అస్థిపంజరం ఉంది. లాంగ్ సన్ గుడి గుట్ట మీద పెద్ద తెల్ల బుద్ధుడి విగ్రహం ఉంది. దాని పీఠం చుట్టూ 1963లో బౌద్ధుల మీద అణచివేతకు నిరసనగా ఆత్మాహుతి చేసుకున్నవాళ్ల రూపాలు చెక్కారు. సైగాన్ నడిరోడ్డు మీద కూర్చుని నిప్పంటించుకున్న తిక్ క్వాంగ్ డుక్ అనే భిక్షువు ఈ ప్రావిన్సులోనే పుట్టాడు. పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ ఆవరణలో యెర్సిన్ మ్యూజియం ఉంది. 1894లో హాంకాంగ్‌లో ప్లేగు సూక్ష్మజీవిని పట్టుకున్న అలెగ్జాండర్ యెర్సిన్ ఆయనే. మరుసటి ఏడాది న్యాచాంగ్‌లో ల్యాబ్ పెట్టాడు. 1897లో బొంబాయిలో ప్లేగు చెలరేగినప్పుడు సీరం పట్టుకుని మన దేశానికీ వచ్చాడు. 1943లో న్యాచాంగ్‌లోనే కన్నుమూశాడు. రెండు రోజుల్లో బీచ్ కూడా చూస్తూ ఇవన్నీ ఎలా చూస్తారు?

ఇక "పాడుబడ్డ గుళ్లు, పూజల్లేవు" అన్న మాట. నన్ను ఎక్కువ నొప్పించింది ఇదే.

కాయ్ నది సముద్రంలో కలిసే చోట ఒక గుట్ట మీద పో నగర్ గోపురాలు ఉన్నాయి. చామ్ అనే జాతి ప్రజలు ఏలిన చంపా రాజ్యం నాటి ఇటుక గుళ్లు. 774లో ఓడల మీద వచ్చిన దోపిడీదారులు పాత గుడిని తగలబెట్టి ముఖలింగాన్ని ఎత్తుకుపోతే, సత్యవర్మ అనే రాజు 784లో మళ్లీ కట్టించాడని అక్కడి సంస్కృత శాసనాలు చెబుతున్నాయి. 918లో భగవతికి బంగారు విగ్రహం పెట్టారు. దాన్ని ఖ్మేర్ సైన్యం, అంటే ఇప్పటి కంబోడియా వైపువాళ్లు, తీసుకుపోయింది. 965లో దాని చోట రాతి విగ్రహం నిలబెట్టారు. అమ్మవారి పేరు యాంగ్ పో నగర్, అంటే ఈ దేశపు తల్లి. ఆ 'నగర్' సంస్కృతం నుంచి వెళ్లిన మాటే. చామ్ ప్రజల చేతుల్లోంచి ఆ నేల వియత్నామీల చేతుల్లోకి పోయాక కూడా అమ్మవారిని ఎవరూ వదల్లేదు. తియెన్ యి ఆ నా అని కొత్త పేరు పెట్టుకుని వియత్నామీలూ కొలుస్తున్నారు.

మేం వెళ్లింది ఏ పండగా లేని మామూలు రోజు. పొద్దున్నే జనం ఉన్నారు. మోకాళ్లు, భుజాలు కనిపించే బట్టలతో వచ్చినవాళ్లకు గుమ్మం దగ్గర పొడుగు అంగీలు ఇస్తున్నారు. లోపల చీకటి, అగరుపొగ, పట్టుబట్టలు చుట్టిన పది చేతుల అమ్మవారు, ముందు పళ్లెంలో పళ్లు, పూలు. మా అమ్మ చెప్పులు విప్పి, కొంగు సర్దుకుని నిలబడింది. పక్కనున్న ఒక పెద్దావిడ తన చేతిలోని అగరుబత్తుల్లోంచి మూడు తీసి అమ్మకిచ్చి, ఎలా పట్టుకోవాలో చేత్తో చూపించింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరూ కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకున్నారు. పూజల్లేని పాడుబడ్డ గుడి అంటే ఇదేనా? ఏటా చాంద్రమానం మూడో నెలలో 20 నుంచి 23 దాకా అక్కడ జాతర కూడా జరుగుతుంది.

ఫాన్ రాంగ్ దగ్గర పో క్లోంగ్ గరాయ్ గుడి ఇంకో మెట్టు పైన. 13వ శతాబ్దం చివర, జయ సింహవర్మ కాలంలో కట్టింది. గుమ్మం మీద నాట్యం చేస్తున్న శివుడు, లోపల ముఖలింగం, ముందు గదిలో నంది. పంట బాగా పండాలని రైతులు ఆ నంది మూతి ముందు పచ్చి ఆకులు, వక్కలు పెట్టే ఆనవాయితీ ఉంది. ఇక్కడికి వచ్చేవాళ్లలో బాలమోన్ చామ్‌లు ఉంటారు. బ్రాహ్మణ అన్న మాటే వాళ్ల నోట బాలమోన్ అయింది. చామ్ క్యాలెండర్ ఏడో నెల మొదట్లో జరిగే కాతే పండగనాడు కొండల్లోని రగ్లాయ్ గిరిజనులు దాచి ఉంచిన దేవుడి బట్టలు తెస్తారు. గుడి తలుపు తీసి, దేవుడికి స్నానం చేయించి, ఆ బట్టలు కడతారు. అభిషేకం, అలంకారం అన్నమాట. అప్పుడు ఊదే వాయిద్యం పేరు సరనాయ్. మన సన్నాయికి దగ్గరి చుట్టమే.

అక్కడికి దగ్గర్లోనే బావ్ చుక్ అనే కుమ్మరి పల్లె ఉంది. కుండలు చేసేది ఆడవాళ్లు, సారె వాడరు. ఒకావిడ పని చేస్తుంటే దాదాపు గంటసేపు కదలకుండా చూశాం. ఒక దిమ్మె మీద మట్టి ముద్ద పెట్టింది. నడుం వంచి, వెనక్కి అడుగులు వేస్తూ దాని చుట్టూ తానే తిరగడం మొదలుపెట్టింది. ఒక చెయ్యి లోపల, ఒక చెయ్యి బయట. తర్వాత తడిగుడ్డ వేళ్లకు చుట్టుకుని అంచు నున్నగా చేసింది. కుండ కదల్లేదు, మనిషే తిరిగింది. ఆరిన కుండల్ని బట్టీ లేకుండా ఆరుబయట కట్టెలు, గడ్డి పేర్చి కాలుస్తారు. ఈ పని నేర్చుకునే పిల్లలు తగ్గిపోతున్నారు. 2022లో యునెస్కో దీన్ని తక్షణం కాపాడుకోవాల్సిన కళల జాబితాలో పెట్టింది. ఆ పల్లె పేరు ఆ మెసేజ్‌లో లేనే లేదు.

మూడోది, "మన రాజులు వెళ్లి కట్టినవే". చదివితే గర్వంగానే ఉంటుంది, కానీ నిజం కాదు. ఏ భారతీయ రాజూ దండెత్తి వెళ్లి చంపాను గెలిచిన ఆధారం లేదు. చామ్‌లు సముద్రం మీద బతికిన జాతి, వాళ్ల భాష మలయ్ భాషకు చుట్టం. ఇప్పటికీ ఆస్తి, వంశం తల్లి వైపు నుంచే నడుస్తాయి. వర్తకంతో పాటు వచ్చిన సంస్కృతాన్ని, శివుణ్ణి, భగవతిని వాళ్లే ఇష్టపడి తీసుకున్నారు, తమ దేశపు తల్లిని భగవతిగా చూసుకున్నారు. ఇటుక మీద ఇటుక పెట్టింది వాళ్ల చేతులే. ఆ శ్రమను మనం లాక్కోవడం అన్యాయం.

మనకు సంబంధమే లేదా అంటే, తప్పకుండా ఉంది. న్యాచాంగ్ పక్కన వో కాన్ అనే ఊళ్లో దొరికిన సంస్కృత శాసనం ఆగ్నేయాసియాలోని అతి పాత శాసనాల్లో ఒకటి. ఇప్పుడు హనోయ్ మ్యూజియంలో ఉంది. అందులోని అక్షరాలను పండితులు మన నాగార్జునకొండ ఇక్ష్వాకుల శాసనాల లిపితో పోల్చి చూశారు. కృష్ణా తీరపు రాతకు పోలిన రాత అంత దూరాన దొరికిందంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఫాన్ రాంగ్ అన్న పేరు కూడా పాండురంగ నుంచి వచ్చిందే. పాండురంగ అనే ఆ చామ్ రాజ్యం 1832 దాకా నిలిచింది. ఇంత నిజమైన బంధం ఉండగా లేని దండయాత్ర కల్పించుకోవడం దేనికి?

పగడాల సంగతికి వస్తే, "ఎక్కడ దిగినా" అన్నది ప్రమాదకరమైన సలహా. న్యాచాంగ్ అఖాతంలో హోన్ మున్ దీవి చుట్టూ పగడాలు బాగా చచ్చిపోవడంతో 2022 జూన్‌లో అక్కడ ఈత, డైవింగ్ ఆపేశారు. 2017 నవంబరులో డామ్రే తుఫాను చేసిన నష్టం, పగడాలను తినేసే ముళ్ల నక్షత్ర చేపలు, వేడెక్కిన నీళ్లు, మనుషుల తాకిడి, అన్నీ కలిశాయి. ఎక్కడ దిగనిస్తారో వెళ్లే ముందు కనుక్కోవాలి, దిగినా పగడం మీద కాలు పెట్టకూడదు. మేం ఎక్కిన పడవవాళ్లు చేపలు వస్తాయని బ్రెడ్ ముక్కలు పంచారు. నలుగురైదుగురు లోతు తక్కువున్న చోట పగడం మీదే నిలబడి ఫొటోలు దిగారు. ఎవరూ వద్దనలేదు. నేను చెబితే ఒకరిద్దరు పగడం మీంచి పక్కకు జరిగారు, మిగతావాళ్లు వినలేదు.

తిండి గురించి రెండు ముక్కలు చాలు. శాకాహారాన్ని అక్కడ 'చాయ్' అంటారు, మన టీ అనుకోకండి. అచ్చంగా చాయ్ భోజనం పెట్టే హోటళ్లు ఉన్నాయి. చాంద్రమానం ప్రకారం నెలలో మొదటి రోజు, పదిహేనో రోజు అక్కడివాళ్లు చాలామంది మాంసం ముట్టరు. మామూలు హోటళ్లలో మాత్రం కూరగాయల్లో కూడా నూక్ మామ్ అనే చేపల రసం పోస్తారు, అది వద్దని ముందే చెప్పాలి. అమ్మ ఎనిమిది రోజులూ అన్నం, టోఫూ, ఆకుకూరలు, పళ్లతో హాయిగా గడిపింది. తీసుకెళ్లిన బిస్కెట్లు తిరిగి ఇంటికే వచ్చాయి.

చివరిది, అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోగొట్టే మాట: "దసరా, దీపావళికి బెస్ట్". న్యాచాంగ్‌లో వానాకాలమే సెప్టెంబరు చివర మొదలై డిసెంబరు దాకా ఉంటుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో కుండపోత. నెల్లూరు వైపు వాళ్లకైతే విడమరిచి చెప్పక్కర్లేదు, అక్కడా ఈశాన్య రుతుపవనాల వానలే. ఆ నెలల్లో సముద్రం మురికిగా, పోటుగా ఉంటుంది, పడవలు ఆపేస్తారు. మన సెలవులు సరిగ్గా అందులోనే పడతాయి. బీచ్, దీవులు కావాలంటే ఫిబ్రవరి నుంచి ఆగస్టు లోపు చూసుకోండి. సంక్రాంతి తర్వాత వెళ్లేవాళ్లు వాళ్ల కొత్త సంవత్సరం 'తెత్' ఎప్పుడో ముందు చూసుకోవాలి, ఆ వారం చాలా దుకాణాలు మూసేస్తారు.

వానల నెలల్లో వెళ్లడానికి ఒకే ఒక్క కారణం నాకు కనిపిస్తుంది, అది కాతే. సాధారణంగా సెప్టెంబరు చివర, లేదంటే అక్టోబరులో వస్తుంది. చామ్ క్యాలెండర్ ప్రకారం తేదీ ఏటా మారుతుంది, అది తెలుసుకున్నాకే టికెట్లు కొనండి. అప్పుడు న్యాచాంగ్‌లో కాకుండా ఫాన్ రాంగ్‌లో బస చేయండి. అక్కడ వాన తక్కువ, గుడి ఊరి పక్కనే. తలుపు తీసే వేళకు గుట్ట మీద ఉండాలంటే తెల్లారకముందే బయల్దేరాలి. అమ్మ ఇప్పటికే మళ్లీ ఎప్పుడని అడుగుతోంది.