ఆ సంఖ్యకు కారణాంకం ఉంది, కీ మార్చండి

మా అక్క కొడుకు తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. ఒలింపియాడ్ శిక్షణలో భాగంగా వాళ్ల పాఠశాలలో పెట్టిన పరీక్షలో 4,29,49,67,297 ప్రధాన సంఖ్యా, సంయుక్త సంఖ్యా అని అడిగారు. వాడు సంయుక్త సంఖ్య అని రాసి, కింద 641 × 67,00,417 గుణకారం మొత్తం చేసి చూపించాడు. నిన్న పేపర్లు ఇచ్చారు; ఆ ప్రశ్నకు సున్నా. జవాబుల కీలో ప్రధాన సంఖ్య అని ఉందట, పదిహేడో శతాబ్దపు ఫ్రెంచ్ గణిత శాస్త్రవేత్త ఫెర్మా అలా చెప్పాడట. కళ్లెదుట ఉన్న గుణకారాన్ని ఒక్కసారైనా సరిచూడకుండా కొట్టేశారంటే నాకు కోపం ఆగడం లేదు.

ఫెర్మా చెప్పిన మాట నిజమే, కానీ అది ఊహ. రెండుకు ఘాతాంకంగా 1, 2, 4, 8, 16 ఇలా రెట్టింపవుతూ పోయే సంఖ్యలను వేసి ఒకటి కలిపితే 3, 5, 17, 257, 65,537 వస్తాయి. ఇవన్నీ ప్రధాన సంఖ్యలే కావడంతో తరువాతివీ అలాగే ఉంటాయని ఆయన 1640లో లేఖల్లో రాశాడు, రుజువు తన దగ్గర లేదని కూడా ఒప్పుకున్నాడు. ఆ వరుసలో తరువాతిదే 2³² + 1, అంటే ఈ పరీక్షలో ఇచ్చిన సంఖ్య. దాన్ని 641 నిశ్శేషంగా భాగిస్తుందని 1732లోనే గణిత శాస్త్రవేత్త ఆయిలర్ చూపించాడు.

పోనీ సరిచూడటం కష్టమా అంటే, రెండు నుంచి వరుసగా ప్రధాన సంఖ్యలతో భాగించుకుంటూ పోయినా 641 అనేది 116వది మాత్రమే. ఈ సంఖ్యకు ఉండే ప్రతి ప్రధాన కారణాంకమూ 64తో భాగిస్తే ఒకటి శేషం ఇవ్వాలని ఆయిలరే తరువాత రుజువు చేశాడు కాబట్టి, ఆ నియమం తెలిసినవారు 193, 257, 449, 577, 641 అనే ఐదింటిని చూస్తే సరిపోతుంది. అసలు భాగహారమే అక్కర్లేని దారి కూడా ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. 641 అంటే 5 × 2⁷ + 1, అదే 641 అంటే 5⁴ + 2⁴ కూడా. మొదటి రూపాన్ని బట్టి 5 × 2⁷ను 641తో భాగిస్తే శేషం −1 (అంటే 641కి ఒకటి తక్కువ), కనుక దాని నాలుగో ఘాతమైన 5⁴ × 2²⁸కు శేషం 1. రెండో రూపాన్ని బట్టి 5⁴ స్థానంలో −2⁴ పెట్టవచ్చు, అప్పుడు −2³²కు శేషం 1 అవుతుంది, అంటే 2³² + 1కు శేషం సున్నా. తొమ్మిదో తరగతి పిల్లవాడికి ఘాతాంక న్యాయాలు వస్తే చాలు, ఇది పూర్తిగా అర్థమవుతుంది.

ఇంత అందమైన రుజువు చెప్పే అవకాశాన్ని వదులుకుని, పిల్లల చేత ‘ఈ రూపంలోనివన్నీ ప్రధాన సంఖ్యలే’ అనే తప్పుడు వాక్యాన్ని బట్టీ పట్టిస్తున్నారు. ఏళ్ల తరబడి మన శిక్షణ తరగతుల్లో నేను చూస్తున్న రోగం ఇదే: ఎందుకు అని అడిగిన పిల్లవాడిని సమయం వృథా చేస్తున్నావని కూర్చోబెడతారు, కీలో ఉన్న అక్షరం మాత్రం ఎవరూ ప్రశ్నించరు. 65,537 తరువాత ఆ వరుసలో ఇప్పటివరకు ఒక్క ప్రధాన సంఖ్య కూడా దొరకలేదని ఆ కీ రాసినవారు ఒక్కసారి వెతికినా తెలిసేది.

ఆ కీ మార్చాలి, సంయుక్త సంఖ్య అని రాసిన ప్రతి పిల్లవాడికీ మార్కు తిరిగి ఇవ్వాలి, ఆ గుణకారాన్ని తరగతిలో బోర్డు మీద వేసి చూపించాలి.