చేతిరుమాలు పడకముందే

షేక్‌స్పియర్ నాటకం ఒథెల్లో అనగానే మనకు గుర్తొచ్చేది అనుమానపు మొగుడు, చేతిరుమాలు, ఇయాగో కుతంత్రం. ఒథెల్లో వెనిస్ కొలువులో నల్లజాతి సేనాపతి. అతని కింద పనిచేసే ఇయాగో, ఒథెల్లో భార్య డెస్డిమోనా జారవిడిచిన చేతిరుమాలును సాక్ష్యంగా వాడుకుని ఆమె మీద అనుమానం రగిలిస్తాడు. కాలేజీలో అలాగే చదివాం, అలాగే పరీక్ష రాశాం. ఆ చదువు సగమే అంటాను. అనుమానం ఊరికే వేళ్లూనుకోదు. వెనిస్‌లో దానికి నేల సిద్ధం చేసింది ఒంటి రంగు మీద ఉన్న ఏహ్యం.

మొదటి రంగంలో ఒథెల్లో కనపడడు, అతని పేరు కూడా వినపడదు. మూర్ (ఆఫ్రికావాడు) అంటారు, మందపెదవులవాడంటారు. నడిరాత్రి ఇయాగో కేకలేసి డెస్డిమోనా తండ్రి బ్రబాన్షియోను నిద్రలేపుతాడు. ముసలి నల్లపొట్టేలు నీ తెల్లగొర్రెను ఎక్కుతోందని అరుస్తాడు.

ఈ బ్రబాన్షియోను మనం బాగా చూడాలి. ఒథెల్లోను ఎన్నోసార్లు ఇంటికి పిలిచినవాడు, అతని యుద్ధాల కథలు అడిగి చెప్పించుకున్నవాడు. అదే మనిషి, తన కూతురు అతన్ని పెళ్లాడిందని తెలియగానే మందు పెట్టాడు, మంత్రం వేశాడు అంటాడు. లేకపోతే ఆ మసిరంగు గుండెల మీద నా బిడ్డ ఎలా వాలుతుందని నడివీధిలో ఒథెల్లో మొహం మీదే అడుగుతాడు. వెనిస్ పాలకుడు డ్యూక్ సభలో ఫిర్యాదూ చేస్తాడు. టర్కీ నౌకలు వెనిస్ ఏలుబడిలోని సైప్రస్ దీవి మీదికి వస్తున్నాయి, సేనాపతి అవసరం, కాబట్టి సభ ఊరుకుంది. నీ అల్లుడు నలుపు కంటే తెలుపే ఎక్కువని డ్యూక్ ఓదార్చాడు. మెచ్చుకోవాలన్నా తెల్లబరచాల్సిందే!

మూడో అంకంలో ఇయాగో కొత్తగా కల్పించిందేమీ లేదు. డెస్డిమోనా తండ్రిని మోసగించింది, తన దేశంవాణ్ణి, తన రంగువాణ్ణి కాదంది అని బ్రబాన్షియో మాటలనే తిప్పి చెప్పాడు. వెంటనే ఒథెల్లో నోట, 'నేను నల్లవాణ్ణి కనుకనేమో' అన్న మాట వస్తుంది. అప్పటికి చేతిరుమాలు ఇంకా కింద పడలేదు. ఊరు తన గురించి అనుకునేది అతనే నమ్మేశాడు. నా దృష్టిలో పతనం అక్కడే.

వేదిక వెలుపలా ఇదే కథ. 1833లో లండన్ కోవెంట్ గార్డెన్‌లో నల్లజాతి నటుడు ఐరా ఆల్‌డ్రిడ్జ్ ఈ వేషం కట్టాడు. పత్రికలు విరుచుకుపడ్డాయి. రెండు ప్రదర్శనలతో సరి.

అమెరికాలో మన పిల్లలు ఈ నాటకాన్ని హైస్కూల్లోనే చదువుతున్నారు. నల్లజాతి స్నేహితుణ్ణి భోజనానికి పిలిచి, ఆప్యాయంగా వడ్డించి, అమ్మాయి అతన్నే చేసుకుంటానంటే మంచం పట్టే తండ్రులు మనలో ఉన్నారు. బ్రబాన్షియో ఎందుకలా మాట్లాడాడని పిల్లలు అడిగితే వెనిస్ చరిత్ర చెప్పి తప్పించుకోవద్దు. మన సంబంధాల ప్రకటనల్లో 'అమ్మాయి తెల్లగా ఉండాలి' అని మనమే రాయించే మాట దగ్గర జవాబు మొదలుపెట్టండి.