గర్భసంచిలో అతుకులు: ఆసుపత్రి కన్నా ముందు సర్జన్ గురించి అడగాలి

గర్భసంచి లోపల అతుకులు పడ్డాయని రిపోర్టు చేతికొచ్చిన రోజు నుంచి ఇంట్లో ఒకటే చర్చ. తిరుపతిలోనే చేయిద్దామా, వెల్లూరు సీఎంసీకి పోదామా, చెన్నైలో తెలిసినవాళ్లున్నారు అక్కడికా? ఖర్చు, ఇన్సూరెన్సు, తోడుగా ఎవరుండాలి అన్నీ మాట్లాడుకుంటారు. ఆపరేషన్ చేసే డాక్టరు ఇలాంటివి ఏడాదికి ఎన్ని చేస్తారన్న మాట మాత్రం అందులో రాదు. నా ఉద్దేశంలో మొదట అడగాల్సింది అదే. ఈ సమస్యలో మొదటి ఆపరేషన్‌కు ఉన్నంత అవకాశం తర్వాతి వాటికి ఉండదు. లోపల మిగిలి ఉన్న కాస్త మంచి పొర కూడా ఆ ఆపరేషన్‌లో దెబ్బతింటే, దాన్ని కచ్చితంగా తిరిగి తెచ్చే మందు ఇప్పటికి లేదు.

గర్భసంచి ముందు గోడ, వెనక గోడ మామూలుగానే ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. మధ్యలో ఎండోమెట్రియం అనే పొర ఉండబట్టి అంటుకోవు. ఆ పొర అడుగు దాకా గీసుకుపోతే పచ్చి గోడలు రెండూ అతుక్కుని మచ్చ కడతాయి. దాంతో నెలసరి తగ్గిపోవచ్చు, గర్భం నిలవడం కష్టం కావచ్చు. 1894లో జర్మన్ డాక్టర్ ఫ్రిట్ష్ దీని గురించి మొదట రాశారు. 1948లో జోసెఫ్ అషర్మన్ వివరంగా వర్ణించాక అషర్మన్ సిండ్రోమ్ అన్న పేరు స్థిరపడింది. ఎక్కువ కేసుల్లో మూలం మనవాళ్లు ‘క్లీనింగ్’ అని చెప్పుకునే డీ అండ్ సీ. అబార్షన్ తర్వాతో, కాన్పులో మాయ ముక్క మిగిలిపోయినప్పుడో చేస్తారు. కాన్పయిన మొదటి కొన్ని వారాల్లో గీకితే ముప్పు మరీ ఎక్కువ. పదునైన క్యూరెట్‌తో (గర్భసంచి లోపల గీకే చెంచాలాంటి పరికరం) గీకడం మాని వాక్యూమ్‌తో లాగడమో, మాత్రలు ఇవ్వడమో చేయాలని అబార్షన్ల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లోనే చెప్పింది. అయినా క్యూరెట్ మన థియేటర్లలోంచి పూర్తిగా పోలేదు.

మన దేశంలో ఇంకో మూలం టీబీ. క్లీనింగే జరగకుండా నెలసరి తగ్గిపోయినవాళ్లలో దీన్ని తప్పకుండా అనుమానించాలి. టీబీ ఆ పొరను అడుగు నుంచే తినేస్తుంది కాబట్టి ఆపరేషన్ ఎంత బాగా చేసినా ఫలితం తక్కువగా ఉంటుంది. ముందు జబ్బు తగ్గాలి, అందుకు కనీసం ఆరు నెలల మందులు వాడాలి (ప్రభుత్వ టీబీ కార్యక్రమంలో ఇవి ఉచితం). అలాగని టీబీ క్రిమి జన్యు పదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్ష ఒక్కటి పాజిటివ్ రావడం చూసి మందులు మొదలుపెట్టేయడమూ సరికాదు. జబ్బు చురుగ్గా లేకపోయినా ఆ పరీక్ష పాజిటివ్ చూపించగలదు. టీబీ ఊసే ఎత్తకుండా థియేటర్ డేటు ఇచ్చేసే డాక్టరు దగ్గర నేనైతే కాసేపు ఆగి ఆలోచిస్తాను.

అసలు జబ్బు బయటపడటమే ఆలస్యం. నెలనెలా వచ్చేది రెండు చుక్కలకు తగ్గితే ఒంట్లో రక్తం లేదని బీట్‌రూట్ తినిపిస్తారు. మామూలు స్కానింగ్‌లో ‘లైనింగ్ పలచగా ఉంది’ అని మాత్రమే వస్తుంది. హార్మోన్ మాత్రలతో నెలలు గడిచిపోతాయి. ట్యూబుల ఎక్స్‌రేలో అనుమానం తగలవచ్చు కానీ, సన్నటి కెమెరా లోపలికి పంపి చూసే హిస్టరోస్కోపీతోనే సంగతి తేలుతుంది. అతుకులు సన్నటి పొరల్లా ఉన్నాయా, గట్టిపడ్డాయా, ఎంత మేర ఉన్నాయి, ట్యూబుల ద్వారాలు కనిపిస్తున్నాయా అన్నవి రాసి, తీవ్రతను చెప్పే గ్రేడు ఇవ్వాలి. గ్రేడు లేని రిపోర్టు పట్టుకుని ఏ సర్జన్ దగ్గరికి వెళ్లినా మాట ముందుకు సాగదు.

ఇక సక్సెస్ రేటు. హోర్డింగుల మీద శాతాలు చూసీ చూసీ అలవాటైపోయింది కానీ, ఈ ఆపరేషన్‌లో దేన్ని సక్సెస్ అంటున్నారో అడగాలి. లోపలి ఖాళీ మామూలు ఆకారానికి వస్తే ఒక లెక్క, నెలసరి తిరిగొస్తే ఇంకో లెక్క, నెల తప్పితే మరొకటి. బిడ్డ చేతికి రావడం వేరే లెక్క, ఈ నాలుగింట్లో చిన్న అంకె అదే. నెలసరి మామూలైన ఆడవాళ్లందరికీ గర్భం నిలవదు. పైగా సన్నటి అతుకుల కేసులే ఎక్కువగా చేసే సర్జన్ శాతం, గట్టి కేసులు తీసుకునే సర్జన్ శాతం కన్నా సహజంగానే మెరుగ్గా కనిపిస్తుంది. ‘నా గ్రేడు ఉన్నవాళ్లలో ఎంతమందికి కాన్పు దాకా వచ్చింది మేడం?’ అని అడిగి చూడండి. దీనికి ఆగి, ఆలోచించి జవాబిచ్చే డాక్టరమ్మే నయం. 90 శాతం అని టక్కున చెప్పేవాళ్లను నేను నమ్మను.

ఆపరేషన్ తీరు గురించి కూడా మొహమాటం లేకుండా అడగొచ్చు. అతుకులను కెమెరాలో చూస్తూ సన్నటి కత్తెరతో కోయడం ఒక పద్ధతి, కరెంటు వేడితో కోయడం ఇంకొకటి. వేడి రక్తస్రావాన్ని ఆపుతుంది కానీ పక్కనున్న మంచి పొరను కాల్చగలదు. అందుకే ఇలాంటి కేసులు ఎక్కువగా చూసే సర్జన్లలో చాలామంది కత్తెర వైపే మొగ్గుతారు. కరెంటు వాడినంత మాత్రాన తప్పని కాదు, ఎందుకు వాడుతున్నారో చెప్పగలగాలి. చూడకుండా క్యూరెట్‌తోనే అతుకులు విడదీస్తామంటే మాత్రం ఆ గుమ్మం దాటి బయటికి వచ్చేయడమే. గీకడం వల్ల వచ్చిన జబ్బుకు మళ్లీ గీకడమా!

గట్టి అతుకుల్లో దారి తెలియదు. మచ్చ ఎక్కడ ముగిసి కండ ఎక్కడ మొదలవుతుందో కెమెరాలో కూడా అర్థం కాని ఘట్టం వస్తుంది. అప్పుడు పొట్ట మీద అల్ట్రాసౌండ్ పెట్టి చూస్తూనో, లాప్రోస్కోపీ (పొట్టకు చిన్న రంధ్రం చేసి కెమెరాతో బయటి నుంచి గర్భసంచిని చూడటం) తోడు తీసుకునో ముందుకు పోతారు. లేకపోతే గర్భసంచికి రంధ్రం పడే ప్రమాదం ఉంది. కెమెరాకు లోపల కనిపించేలా గర్భసంచిలోకి పంపే సెలైన్ ఎంత పోయింది, ఎంత తిరిగొచ్చింది అన్న లెక్క కూడా ఒకరు చూస్తూ ఉండాలి. ఎక్కువగా ఒంట్లోకి పోతే ఊపిరితిత్తుల దాకా ఇబ్బంది. ఈ లెక్క హద్దు దాటితే సగంలో ఆపేసి, ‘మిగతాది ఇంకో విడతలో చేద్దాం’ అనేవాళ్లు నాకు గొప్ప సర్జన్లుగా కనిపిస్తారు. ఇంటివాళ్లకు అది ఆపరేషన్ ఫెయిలైనట్టు అనిపిస్తుంది, డబ్బు పోయిందన్న కోపమూ వస్తుంది. అందుకే రెండు విడతలు కావచ్చన్న మాట, వాటి ఖర్చు ముందే మాట్లాడుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువ తేడా కనిపించేది ఆపరేషన్ తర్వాత. కోసిన గోడలు మళ్లీ అతుక్కుంటాయి. తీవ్రమైన కేసుల్లో 60 శాతం దాకా అలా జరిగినట్టు కొన్ని అధ్యయనాలు చూపించాయి. అది జరగకుండా కొన్ని రోజులు లోపల చిన్న బెలూన్ ఉంచుతారు, లేదా హైలురోనిక్ యాసిడ్ జెల్ వేస్తారు. పొర పెరగడానికి ఈస్ట్రోజెన్ మాత్రలు ఇస్తారు. కాపర్-టీ పెడతామంటే కారణం అడగండి. రాగి వాపును రేపుతుంది కాబట్టి దీనికి తగదని గైనిక్ ఎండోస్కోపీ నిపుణుల మార్గదర్శకాల్లో ఉంది. కొన్ని వారాల్లో మళ్లీ ఒకసారి కెమెరా వేసి చూడటం చాలా ముఖ్యం. అప్పటికి కొత్తగా పుట్టిన అతుకులు పలచగా ఉంటాయి, సులువుగా విడిపోతాయి. ఈ రెండో చూపు ప్రస్తావనే లేకుండా ప్యాకేజీ రేటు చెబితే ఆ ప్యాకేజీ సగమే.

ఎక్కడ చేయించాలన్నదానికి మన ప్రాంతంలో దారులు తక్కువేమీ కాదు. తిరుపతిలో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి, స్విమ్స్, బోలెడన్ని ప్రైవేటు ఆసుపత్రులు ఉన్నాయి. చిత్తూరు నుంచి వెల్లూరు గంట ప్రయాణం. పొద్దున పోయి ఓపీ చూపించుకుని రాత్రికి ఇల్లు చేరొచ్చు. ఊరు పెద్దదైతే చెయ్యి మంచిదవుతుందని మాత్రం లేదు. పెద్ద టీచింగ్ ఆసుపత్రుల్లో మీరు ఓపీలో కలిసినవాళ్లే థియేటర్‌లో కత్తెర పట్టుకుంటారన్న నియమం లేదు, అది ముందే కనుక్కోవాలి. సన్నటి అతుకులకు తిరుపతిలో హిస్టరోస్కోపీ తరచూ చేసే డాక్టరు చాలు, చెన్నై అక్కర్లేదు. లోపలంతా మూసుకుపోయినా, ఒకసారి ఆపరేషన్ అయి మళ్లీ అతుక్కున్నా, టీబీ ఉన్నా దూరమైనా సరే ఇవే కేసులు ఎక్కువ చేసినవాళ్ల దగ్గరికి పోవాలి. ‘ఇది నా వల్ల కాదమ్మా, ఫలానా చోటికి పో’ అనే లోకల్ డాక్టరు మాట బంగారం.

క్లీనింగ్ చేసిన డాక్టరమ్మనే అతుకులూ కోయమని అడిగేవాళ్లు చాలామంది. ఇన్నేళ్లు చూసిన మనిషి, వేరేచోటికి పోతే ఏమనుకుంటారోనన్న మొహమాటం. ఆ మొహమాటంలోనే పాత కేస్‌షీటు కూడా అడగరు. ఏ వారంలో అబార్షన్ అయింది, ఎన్నిసార్లు గీకారు, జ్వరం వచ్చిందా అన్న వివరాలు కొత్త సర్జన్‌కు కావాలి. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి, మూడేళ్లు భద్రపరచాలి. కాబట్టి త్వరగా అడగడం మంచిది. కొత్త ఆపరేషన్ వీడియో కూడా పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి, రెండో అభిప్రాయానికి మాటల కన్నా అదే పనికొస్తుంది.

పొర పలచగా ఉన్నా హిస్టరోస్కోపీ చేయకుండానే ఐవీఎఫ్‌లో పిండాలు ఒకదాని తర్వాత ఒకటి పెట్టేయడం నాకు అర్థం కాని వ్యవహారం. పొర పెంచడానికంటూ చెప్పే పీఆర్‌పీ (సొంత రక్తం నుంచి తీసిన ప్లేట్‌లెట్ల ద్రవం), స్టెమ్ సెల్స్ ఇంకా పరిశోధన దశలోవి. వాటికి లక్షలు అడిగితే ఆచితూచి అడుగేయాలి. అన్నట్టు, ఆమెను థియేటర్‌కు పంపే ముందు భర్తకు వీర్య పరీక్ష అయిందా? తక్కువ ఖర్చుతో అయ్యే ఈ పరీక్షను చివరికి నెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి.

గర్భం నిలిచాక సర్జన్ పని అయిపోయినట్టే అనుకుంటాం. కానీ ఈ ఆపరేషన్ అయినవాళ్లలో మాయ గర్భసంచి గోడలోకి చొచ్చుకుపోయే ముప్పు మామూలు కన్నా ఎక్కువ. కాన్పులో మాయ ఊడిరాక తీవ్రంగా రక్తం పోవచ్చు. మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లో. అమ్మాయికి వైద్యం తిరుపతిలో జరుగుతుంది, కాన్పుకు పలమనేరు వైపో సత్యవేడు వైపో వెళ్తుంది. అక్కడి డాక్టరుకు పాత సంగతి తెలియదు. అందుకే సర్జన్ చేత డిశ్చార్జ్ సమ్మరీలో ఈ ముప్పు గురించి ఒక పేరా రాయించుకుని, ఐదో నెల స్కానింగ్‌లో మాయ ఎక్కడ, ఎలా అంటుకుందో ప్రత్యేకంగా చూపించుకోవాలి. కాన్పు మాత్రం బ్లడ్ బ్యాంకు, ఐసీయూ ఉన్న ఆసుపత్రిలోనే జరగాలి. సీమంతం అయ్యాక పుట్టింటికి పంపేటప్పుడు ఆ ఫైలు కూడా అమ్మాయి వెంట వెళ్లాలి.