ట్రైలర్‌కు బ్రేకు అక్కర్లేదంటున్న ఆ మెసేజ్‌కు జవాబు

ట్రైలర్లు లాగేవాళ్ల మధ్య కొన్నాళ్లుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. దాని సారం ఇది: ‘ట్రైలర్‌కు ఇంజిన్ లేదు కాబట్టి అది వాహనమే కాదు, దానికి బ్రేకులు ఉండాలని చట్టంలో లేదు. ముందు బండి బ్రేకులు బాగుంటే చాలు. ట్రైలర్ బ్రేకులు పనిచేస్తే బండి అడ్డం తిరుగుతుంది, అందుకే అనుభవం ఉన్నవాళ్లు వాటిని విప్పేస్తారు. గొలుసు కడితే భయం లేదు. హ్యాండ్ బ్రేక్ సౌకర్యం కోసమే, గేర్‌లో వేసి చక్రం కింద రాయి పెడితే సరిపోతుంది. ఒకసారి తనిఖీలో పాసైతే మళ్లీ తనిఖీ దాకా అడిగేవాడు లేడు.’

చదివి వదిలేద్దామనుకున్నాను. కానీ దీన్ని నాకు పంపినవాళ్లలో రోజూ బరువులు లాగే మనిషి ఉన్నాడు. ‘నిజమేనా అన్నా?’ అని అడిగాడు. నిజం కాదు. ఒక్కో మాటకూ జవాబు చెబుతాను.

‘ట్రైలర్ వాహనం కాదు’ అన్నది మొదటి మాట. రోడ్డు రవాణా మీద 1968లో వియన్నాలో ఒక అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. 1977 నుంచి అమల్లో ఉంది. మోటారు వాహనం లాగడానికి తయారైన ఏ వాహనమైనా ట్రైలరేనని అది నిర్వచించింది. అంటే నిర్వచనంలోనే అది వాహనం. అదే ఒప్పందం అయిదో అనుబంధంలో ట్రైలర్ బ్రేకుల కోసం విడిగా ఒక భాగమే ఉంది. తేలికపాటివి మినహా ప్రతి ట్రైలర్‌కూ నడుస్తుండగా ఆపే బ్రేకు ఒకటి, నిలబెట్టినప్పుడు పట్టి ఉంచే బ్రేకు ఒకటి ఉండాలి. నడకలో వాడే బ్రేకు ట్రైలర్ అన్ని చక్రాల మీదా పనిచేయాలి. ఆ ఒప్పందంలో చేరని దేశాలు తమ చట్టాలు తాము రాసుకున్నాయి. హద్దులు, అంకెలు అటూఇటూ మారతాయి గానీ, బరువైన ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉండాలన్నది నాకు తెలిసిన ఏ చట్టంలోనూ మారలేదు.

మెసేజ్‌లో ఒక చిన్న నిజం దాగి ఉంది, అది కూడా చెప్పాలి. గరిష్ఠ బరువు 750 కిలోలు దాటని తేలిక ట్రైలర్‌కు చాలా చోట్ల బ్రేకు తప్పనిసరి కాదు. ఈ 750 అంటే ఖాళీ బరువు కాదు, సరుకు నింపాక ఉండే గరిష్ఠ బరువు. ఈ తేడా తెలియకే చాలామంది ఇరుక్కుంటారు. పైగా ఆ మినహాయింపుకు ఇంకో షరతు ఉంటుంది. బ్రిటన్‌లో బ్రేకులేని ట్రైలర్ బరువు లాగే బండి బరువులో సగం దాటకూడదు. అమెరికాలో వాణిజ్య వాహనాల నియమం ప్రకారం 3,000 పౌండ్ల లోపు ట్రైలర్‌కు మినహాయింపు ఉంది, కానీ దాని బరువు లాగే బండి బరువులో 40 శాతం దాటితే ఆ మినహాయింపు పోతుంది. చిన్న కారుకు తగిలిస్తే 750 కిలోలు కూడా ఎక్కువే కావచ్చన్నమాట.

ఇక రెండో మాట, ‘ముందు బండి బ్రేకులు బాగుంటే చాలు’ అన్నది. నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఇదే, ఎందుకంటే వినడానికి సబబుగా ఉంటుంది. లెక్క వేసి చూద్దాం. కార్ల బ్రేకులకు ఐక్యరాజ్యసమితి 13-హెచ్ అనే నిబంధన ఉంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో బ్రేకు తొక్కితే 70 మీటర్లలో కారు ఆగాలి. ప్రతి సెకనుకూ వేగం సెకనుకు 6.43 మీటర్ల చొప్పున తగ్గాలి. 1,500 కిలోల కారు సరిగ్గా ఈ హద్దులో ఉందనుకోండి. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పట్టిన క్షణం నుంచి దాదాపు 38 మీటర్లలో ఆగుతుంది. దాని వెనక 1,200 కిలోల బ్రేకులేని ట్రైలర్ తగిలించండి. ఆపే బలం అంతే ఉంది, ఆపాల్సిన బరువు 2,700 కిలోలైంది. ఇప్పుడు ఆగడానికి 69 మీటర్లు కావాలి. ఈ తేడా 31 మీటర్లు. ముందున్న బండి అకస్మాత్తుగా ఆగితే ఆ 31 మీటర్లు ఎక్కడి నుంచి తెస్తారు?

ఇది సమతలం మీద లెక్క. దిగుడులో ఇంకా ఘోరం. భారీ వాహనాల బ్రేకులకు ఉన్న 13వ నిబంధనలో ఒక పరీక్ష ఉంటుంది. పూర్తి బరువుతో, 6 శాతం దిగుడులో, గంటకు సగటున 30 కిలోమీటర్ల వేగంతో 6 కిలోమీటర్లు దిగితే బ్రేకులకు ఎంత పని పడుతుందో అంత పని పెట్టి, ఆ వేడి మీద అవి ఇంకా పట్టు నిలుపుకున్నాయా లేదా చూస్తారు. అంటే పన్నెండు నిమిషాల దిగుడు. 40 టన్నుల బండి ఆ దారిలో దిగుతుంటే క్షణక్షణం దాదాపు 196 కిలోవాట్ల శక్తి ఎటో ఒకవైపు పోవాలి. కొంత ఇంజిన్ ఆపుతుంది, కొంత చక్రాల రాపిడికి పోతుంది, మిగతాదంతా డ్రమ్ములలోనో డిస్కుల్లోనో వేడిగా మారాల్సిందే. ఆ వేడిని పంచుకోవడానికి ట్రైలర్ చక్రాల బ్రేకులు లేకపోతే మొత్తం ముందు బండి నెత్తిన పడుతుంది. కాలిన లైనింగ్ వాసన ముందు వస్తుంది, ఆ తర్వాత పెడల్ ఎంత తొక్కినా పట్టు ఉండదు.

ఈ విషయంలో నాకు సొంత అనుభవం ఉంది. తెలిసినవాళ్ల ట్రైలర్ ఒకటి నింపుకుని నేనే లాగాను. దాని బ్రేకు లింకు విప్పేసి ఉందని నాకెవరూ చెప్పలేదు, నేనూ చూసుకోలేదు. చిన్న దిగుడే. మలుపు ముందు బ్రేకు వేస్తే వెనక నుంచి ఎవరో బలంగా తోసినట్టయింది. స్టీరింగ్ తేలికైపోయింది. ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి బయటపడ్డాను. మళ్లీ రెండో గేర్‌లో కిందికి దిగేదాకా చేతులు వణుకుతూనే ఉన్నాయి. అందుకే ఈ మెసేజ్ చూస్తే నాకు కోపం వస్తుంది.

‘ట్రైలర్ బ్రేకులు పనిచేస్తే బండి అడ్డం తిరుగుతుంది’ అన్న మాట దాదాపు తలకిందులు. లాగే బండి వెనక చక్రాలు లాక్ అయి, వెనక ట్రైలర్ తోసుకొస్తే బండి మధ్యలో మడతపడుతుంది. బ్రేకులేని ట్రైలర్ తోస్తుంది, బ్రేకున్న ట్రైలర్ వెనక్కి లాగి బండిని తిన్నగా ఉంచుతుంది. ట్రైలర్ పక్కలకు ఊగడం మొదలైనప్పుడు దాని ఒక్కదాని బ్రేకే నెమ్మదిగా వేసి ఊపు ఆపడం తెలిసిన డ్రైవర్లు చేసే పనే. ట్రైలర్ చక్రాలే లాక్ అయితే దాని తోక పక్కకు జారుతుందన్నది మాత్రం నిజం. ఒక చక్రం ముందుగా పట్టి ఇంకోటి పట్టకపోయినా లాగేస్తుంది. అందుకే చట్టం బ్రేకు ఉంటే చాలనలేదు. ముందు బండికీ ట్రైలర్‌కీ ఆపే పని ఏ పాళ్లలో పంచాలో కూడా చెప్పింది. ఎయిర్ బ్రేకులో గాలి వెనక దాకా చేరడానికి టైమ్ పడుతుంది, కాబట్టి దానికీ హద్దు పెట్టింది. 13వ నిబంధనలో పెడల్ తొక్కడం మొదలైన 0.4 సెకన్లలోపు ట్రైలర్ బ్రేకుకు సంకేతం మోసే గాలి పైపులో (కంట్రోల్ లైన్) ఒత్తిడి, చివరికి చేరాల్సిన దానిలో 75 శాతానికి చేరాలి. అడ్డం తిరుగుతోందంటే ఆ సర్దుబాటు చెడిందన్నమాట. సరిచేయించుకోవాలి గానీ పైపు విప్పేయడం ఏమిటి?

మరో మాట. 3,500 కిలోలు దాటని ట్రైలర్‌కు వియన్నా ఒప్పందం సులువైన దారి ఇచ్చింది. ముందు బండి వేగం తగ్గగానే ట్రైలర్ ముందుకు జరిగి కప్లింగ్‌ను, అంటే బండికీ ట్రైలర్‌కీ మధ్య కలిపే భాగాన్ని, నొక్కుతుంది, ఆ నొక్కుడుతోనే దాని బ్రేకు పడుతుంది. వైర్లు లేవు, గాలి పైపులు లేవు. మధ్యతరహా ట్రైలర్‌కు బ్రేకు పెట్టడం అంత ఖర్చయిన పనో, కష్టమైన పనో కాదు. దాన్ని కూడా విప్పేసేవాళ్లు ఉన్నారంటే ఏమనాలి!

గొలుసు సంగతి. బండి నడుస్తుండగా కప్లింగ్ తెగితే ట్రైలర్ తనంతట తానే ఆగాలని ఒప్పందం చెబుతోంది. అమెరికా నియమమైతే అలా తెగినప్పుడు పడిన బ్రేకు కనీసం 15 నిమిషాలు పట్టి ఉండాలంటుంది. గొలుసుతో సరిపెట్టుకునే వీలు 1,500 కిలోలు దాటని, ఒకే ఇరుసున్న లేదా ఇరుసుల మధ్య ఒక మీటరు కూడా లేని చిన్న ట్రైలర్లకు మాత్రమే. అక్కడ కూడా గొలుసు పని ట్రైలర్ ముక్కు నేలను గీరకుండా చూడడం, కొంతయినా బండి వెంట నడిపించడం. ఆపడం దాని పని కాదు. మూడు టన్నుల ట్రైలర్ గొలుసు మీద వేలాడుతూ మీ వెనక వస్తోందంటే అది ఆగడం లేదు, మిమ్మల్ని తరుముతోంది.

హ్యాండ్ బ్రేక్ మీద మాట ఇంకా తప్పు. నిలబెట్టిన బండిని పట్టి ఉంచే బ్రేకు పూర్తిగా యాంత్రికంగా బిగిసి ఉండాలని చట్టం పట్టుబడుతుంది. ఎందుకంటే ఆయిల్ కారిపోతుంది, గాలి లీకవుతుంది, తీగ గానీ స్ప్రింగ్ గానీ అలా కాదు. ఎయిర్ బ్రేకుల లారీలో ఇది చక్కగా కనిపిస్తుంది. అక్కడ పార్కింగ్ బ్రేకును బిగించేది బలమైన స్ప్రింగ్, గాలి చేసే పని దాన్ని వెనక్కి పట్టి బ్రేకు వదిలించడం. రాత్రంతా నిలబెట్టి గాలి మొత్తం పోయినా స్ప్రింగ్ బిగిసే ఉంటుంది. బరువుతో ఉన్న కారును 20 శాతం వాలులో, లారీని 18 శాతం వాలులో ఆ బ్రేకు ఒక్కటే కదలకుండా పట్టాలి. ట్రైలర్ లాగే బండి బ్రేకయితే బండినీ ట్రైలర్‌నూ కలిపి 12 శాతం వాలులో పట్టాలి.

గేర్‌లో వేసి వదిలితే బండిని ఆపుతున్నది సిలిండర్లలో నొక్కుకున్న గాలి. అది పిస్టన్ల పక్క నుంచి నెమ్మదిగా జారిపోతుంది, బండి కొంచెం కొంచెం కదులుతుంది. గేర్‌లో వేయడం మంచి అలవాటే, రాయి పెట్టడమూ మంచిదే, కానీ అవి బ్రేకుకు తోడుగానే. అసలు సంగతి ఇంకోటుంది. విప్పి నిలబెట్టిన ట్రైలర్‌కు గేర్ ఎక్కడిది? దాని సొంత పార్కింగ్ బ్రేకు తప్ప దానికి ఇంకే దిక్కూ లేదు.

కొందరు ఈ మెసేజ్ కింద ‘ఏబీఎస్ ఉంది కదా’ అని కూడా రాస్తున్నారు. ఏబీఎస్ చక్రం లాక్ కాకుండా చూస్తుంది, లేని బ్రేకును తెచ్చిపెట్టదు.

చివరిది, ‘తనిఖీలో పాసైతే మళ్లీ తనిఖీ దాకా’ అన్నది. తనిఖీ ఆ రోజు బండి ఎలా ఉందో చెబుతుంది. బ్రిటన్‌లో 1986 నాటి నిబంధనలు బ్రేకు వ్యవస్థలో ప్రతి భాగమూ మంచి పనితీరుతో, సరైన సర్దుబాటుతో ఉండాలంటాయి. అమెరికా నియమం వాణిజ్య వాహనానికి ఉన్న బ్రేకులన్నీ ఎప్పుడూ పనిచేస్తూ ఉండాలంటుంది. ఆ లెక్కన పనిచేసే ట్రైలర్ బ్రేకును విప్పి రోడ్డెక్కిన రోజే చట్టం తప్పినట్టు, చేతిలో పాసైన కాగితం ఉన్నా సరే.

నన్ను అడిగిన తమ్ముడికి ఇలా చెప్పాను. తగిలించాక ఖాళీ చోట నడక వేగంతో కదిలించి బ్రేకు వెయ్యి. వెనక నుంచి తోపు తెలిసిందా, ట్రైలర్ బ్రేకు పట్టడం లేదు. కప్లింగ్ తెగినప్పుడు ట్రైలర్ బ్రేకు లాగే తీగ సరైన కొక్కేనికే ఉందా చూడు, మలుపులో బిగుసుకోకుండా కొంచెం వదులు ఉంచు. దిగుడు మొదలయ్యేముందే చిన్న గేర్‌లోకి రా. ఆగిన చోట ఒక్కో చక్రం దగ్గరా అరచేయి పెట్టు, తగలనివ్వకుండా. మూడు వేడిగా ఉండి ఒకటి చల్లగా ఉంటే ఆ చల్లని చక్రం బ్రేకు పనిచేయడం లేదు. ఒకటే కాలిపోతుంటే ఆ బ్రేకు పట్టేసి వదలడం లేదు. రెంటిలో ఏదైనా సరే, బాగు చేయించాకే సరుకు ఎత్తు.