కిట్ కారుకు పాత ఇంజనే అసలైనదంటే నేను ఒప్పుకోను

కిట్ కారు కట్టుకుందామని ఇంగ్లండులో ఎవరైనా నోరు విప్పితే చాలు, నలుగురు పెద్దమనుషులు చేరి ఒకటే పాట అందుకుంటారు. "పాత ఫోర్డ్ క్రాస్‌ఫ్లో ఇంజను పెట్టు, రెండు వెబర్ కార్బురేటర్లు బిగించు. అదే అసలైన కారు. మిగతావన్నీ కంప్యూటర్ బొమ్మలు." ఇక్కడికొచ్చి స్థిరపడి, ఈ కార్ల మధ్య తిరుగుతూ, ఖాళీ దొరికినప్పుడల్లా గ్యారేజీలో గ్రీజు పూసుకునే నేను ఈ మాట విని విని విసిగిపోయాను. కొత్తగా ఈ సరదాలోకి వచ్చే కుర్రవాళ్ళు, వాళ్ళలో మన తెలుగువాళ్ళు కూడా, ఈ మాట నమ్మి డబ్బూ ఉత్సాహమూ రెండూ పోగొట్టుకుంటున్నారు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

తెలియనివారి కోసం కిట్ కారు గురించి రెండు ముక్కలు. చట్రం, బాడీ, సస్పెన్షన్ భాగాలు ఒక చిన్న కంపెనీ దగ్గర కొంటాం. ఇంజను, గేర్ బాక్సు, యాక్సిల్ వంటివి డోనర్ కారు అని పిలిచే ఒక పాత కారులోంచి తీస్తాం. అన్నీ ఇంట్లోనే బిగించుకుని ఐవీఏ అనే ప్రభుత్వ పరీక్షకు తీసుకెళ్తాం. అందులో నెగ్గితే రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు. మన దేశంలో మామూలు మనిషికి ఇలాంటి దారి లేదు. తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖరారు చేసింది. కాబట్టి ఈ గోడు ప్రధానంగా బ్రిటన్‌లో కారు కట్టుకునేవారి గురించే.

ఇప్పుడు ఆ "అసలైన" అనే మాట సంగతి చూద్దాం. ఈ కార్లకు మూలపురుషుడు 1957లో లోటస్ కంపెనీ స్థాపకుడు కాలిన్ చాప్‌మన్ తెచ్చిన లోటస్ సెవెన్. కారును విడిభాగాలుగా అమ్మితే అప్పటి పర్చేజ్ ట్యాక్స్ తప్పేది, అందుకే కిట్‌గా అమ్మారు. అందులో ఏ ఇంజను పెట్టారు? మొదట ఫోర్డ్ వారి 1172 సీసీ సైడ్‌వాల్వ్ ఇంజను. దాని శక్తి సుమారు 40 హార్స్‌పవర్. తర్వాత బీఎంసీ అనే మరో బ్రిటిష్ కంపెనీ వారి ఏ-సిరీస్ కూడా పెట్టారు. ఎక్కువ డబ్బు పెట్టగలిగినవారికి కవెంట్రీ క్లైమాక్స్ ఇంజను, దాని పుట్టుకేమో అగ్నిమాపక పంపు కోసం! చాప్‌మన్ ఏ ఇంజనుకూ గుడి కట్టలేదు. ఆ రోజు బజారులో చవకగా, తేలికగా, నమ్మకంగా దొరికినదాన్ని తీసుకున్నాడు. క్రాస్‌ఫ్లో 1967లో వచ్చింది. ఫోర్డ్ కార్లయిన ఎస్కార్టుల్లో, కోర్టినాల్లో లక్షలుగా తిరుగుతూ ఎక్కడ పడితే అక్కడ దొరికేది కాబట్టే సెవెన్‌లోకి ఎక్కింది. 1973లో కేటర్‌హామ్ కంపెనీ సెవెన్ హక్కులు తీసుకున్నాక చాలాకాలం అదే నడిచింది. ఆ తర్వాత వాళ్ళే రోవర్ కె-సిరీస్‌కు, ఆపైన ఫోర్డ్ సిగ్మాకు, డ్యూరాటెక్‌కు మారారు. సెవెన్ చరిత్ర మొత్తం ఆ కాలానికి మామూలుదైన ఇంజనును తీసుకుంటూ వచ్చిన చరిత్ర. ఇవాళ అరుదైపోయిన, ధర పెరిగిపోయిన ఇంజను కోసం వెతుక్కుంటూ తిరగడం చాప్‌మన్ దారి ఎలా అవుతుంది?

శక్తి లెక్క చూడండి. 1600 జీటీ క్రాస్‌ఫ్లో మామూలుగా ఇచ్చేది 84 హార్స్‌పవర్ ప్రాంతంలో. కేటర్‌హామ్ దాన్ని 1700 సీసీకి పెంచి, వాల్వులను తెరిచే క్యామ్ మార్చి, రెండు వెబర్లు పెట్టి తయారుచేసిన సూపర్‌స్ప్రింట్ 135 ఇచ్చేది. అప్పట్లో అది గొప్ప ఇంజను, కాదనను. కానీ 1990ల నాటి మజ్దా ఎంఎక్స్-5లోని 1.8 లీటర్ల ఇంజను, ఎవరూ చెయ్యి పెట్టకుండా, ఫ్యాక్టరీ నుంచి వచ్చినది వచ్చినట్టే 130 ఇస్తుంది. చలికాలం ఉదయం తాళం తిప్పగానే లేస్తుంది. పద్ధతిగా నూనె మారుస్తూ ఉంటే లక్ష మైళ్ళు దాటినా కిక్కురుమనదు. క్రాస్‌ఫ్లోను ఆ స్థాయికి తేవాలంటే సిలిండర్లకు బోరింగ్, కొత్త పిస్టన్లు, సీసం లేని పెట్రోలుకు తట్టుకునే గట్టి వాల్వ్ సీట్లు, ఆపైన తెలిసినవాళ్ళ చేత కార్బురేటర్ల ట్యూనింగ్ అన్నీ కావాలి. పాత రేసింగ్ కార్లవాళ్ళు కూడా ఇవే భాగాలు కొంటారు కాబట్టి ధర దిగే ఆశ లేదు.

పెట్రోలు కూడా మారిపోయింది. 2021 సెప్టెంబరు నుంచి బ్రిటన్‌లో మామూలు పెట్రోలు అంటే ఇ10, అంటే పది శాతం వరకు ఇథనాల్. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను తినేస్తుంది, కార్బురేటర్ లోహాన్ని పాడుచేస్తుంది. పాత ఇంజనువాళ్ళు ఖరీదైన ఇ5 పెట్రోలు దొరికే బంకు వెతుక్కోవాలి. మన దగ్గర ఇ20 వచ్చాక పాత బండ్లవాళ్ళు పడుతున్న బాధ చూస్తున్నాం కదా, ఇదీ అదే జాతి. ఇంజెక్షన్ ఉన్న ఇంజను, అంటే కంప్యూటర్ లెక్క ప్రకారం ఇంధనం చిమ్మేది, లాంబ్డా సెన్సరుతో పొగ గొట్టంలో మిగిలిన ఆక్సిజన్ చూసి, ఇంధనం పాళ్ళు తనే కాస్త సరిచేసుకుంటుంది. కార్బురేటర్‌కు ఆ చూపు లేదు.

నన్ను నిజంగా మండించే సంగతి మరొకటి ఉంది. పాత ఇంజను ఎందుకని అడిగితే కొందరు సిగ్గు లేకుండా చెప్పే కారణం: పొగ పరీక్ష సులువు. కిట్ కారుకు ఏ ప్రమాణం వర్తించాలో ఇంజను వయసు నిర్ణయిస్తుంది. ఏటా జరిగే ఎంఓటీ పరీక్షలో 1975 ఆగస్టుకు ముందువాటికి కంటికి కనిపించే పొగ ఎక్కువ లేకపోతే చాలు. 1986 ఆగస్టు నుంచి 1992 జూలై దాకా వచ్చినవాటికి కార్బన్ మోనాక్సైడ్ 3.5 శాతం వరకు పోనిస్తారు. క్యాటలిటిక్ కన్వర్టర్ కాలం ఇంజనయితే వేగంగా తిప్పి చూసినప్పుడు 0.3 శాతం దగ్గర ఆపాలి. తేడా పదింతలకు పైనే. పాత కారును కాపాడుకునేవారికి ఇచ్చిన వెసులుబాటును కొత్తగా కట్టే కారుకు వాడుకుని, బడి ముందు నుంచి పిల్లల ముఖాన పొగ ఊదుతూ పోవడాన్ని నేను తెలివి అనను. అది స్వార్థం.

అలాగని షోరూమ్‌లోంచి నిన్న దిగిన ఇంజను పెట్టమని కూడా చెప్పను. అవతలి గట్టున ఉన్నవాళ్ళ మీదా నాకు కోపమే. నేరుగా సిలిండర్‌లోకి ఇంధనం చిమ్మే నేటి టర్బో ఇంజను ఒంటరిది కాదు. తాళంలోని చిప్, డాష్‌బోర్డు, ఏబీఎస్, యాక్సిలరేటర్ పెడల్ అన్నీ క్యాన్ అనే వైర్ల జంట మీద దానితో మాట్లాడుతుంటాయి. వాటిలో ఒకటి పలకకపోయినా ఇంజను మొరాయిస్తుంది, లేదా సగం శక్తితో కుంటుతుంది. దాన్ని ఒక్కదాన్నే కారులోంచి తీయడమంటే వేళ్ళు తెంపి చెట్టును తెచ్చి నాటడమే. పైగా ఇంధన పీడనం 150 బార్లు దాటుతుంది. ఆ ఇంజెక్టర్లను నడపడం చవక ఈసీయూల (ఇంజనును నడిపే కంప్యూటర్ల) వల్ల కాదు. టర్బో వేడి, ఇంటర్‌కూలరు, దాని గొట్టాలు ఇవన్నీ సెవెన్ లాంటి కారు బానెట్ కింద ఎక్కడ ఇమడాలి? ఇక బైకు ఇంజన్లు, ముఖ్యంగా హయబుసాది. రేస్ ట్రాక్ మీద అద్భుతం, రోడ్డు మీద రివర్స్ గేరు లేని తలనొప్పి. అంతకుమించి దాని గురించి చెప్పడానికి లేదు.

నేను గట్టిగా చెప్పేది మధ్యలో ఉన్న ఆ పదిహేనేళ్ళ గురించి. 1990 నుంచి సుమారు 2005 దాకా వచ్చిన, రెండు క్యామ్‌లు, పదహారు వాల్వులు, ఇన్‌టేక్ గొట్టంలోనే మూడు బార్ల పీడనంతో ఇంజెక్షన్ ఉన్న, టర్బో లేని ఇంజన్లు. ఫోర్డ్ జెటెక్ ఉంది. ఇనుప బ్లాకు వల్ల కాస్త బరువు, కానీ మొండి ఘటం, పాత ఫోర్డ్ సియెరా కారు టైప్-9 గేర్ బాక్సుతో పెద్ద గొడవ లేకుండా కలుస్తుంది. రోవర్ కె-సిరీస్ ఈకలా తేలిక, అయితే హెడ్ గాస్కెట్ పోయే చరిత్ర తెలిసి మరీ కొనాలి. డ్యూరాటెక్ అల్యూమినియం బ్లాకు, టైమింగ్ చెయినుతో వస్తుంది, బెల్టు తెగుతుందన్న భయం లేదు. మొదటిసారి కట్టేవారికి మాత్రం నేను కళ్ళు మూసుకుని ఎంఎక్స్-5 అంటాను. ఇంజను ముందు, నిలువుగా, వెనుక చక్రాలకు శక్తి. మనకు కావలసింది సరిగ్గా అదే. ఇంజను, గేర్ బాక్సు, డిఫరెన్షియల్, బ్రేకులు, సస్పెన్షన్ కీళ్ళు అన్నీ ఒక్క కారులోనే వచ్చేస్తాయి. బాడీ తుప్పు పట్టి తుక్కుకు పోతున్న ఎంఎక్స్-5లో కూడా ఇంజను ఆరోగ్యంగానే ఉంటుంది.

కార్బురేటరయితే రోడ్డు పక్కన స్క్రూడ్రైవర్‌తో బాగుచేసుకోవచ్చు, ఇంజను మన చేతిలో ఉంటుంది అంటారు. ఈ వాదనను నేను తేలిగ్గా తీసుకోను, ఎందుకంటే కారు స్వయంగా కట్టుకోవడంలోని ఆనందమే ఆ అర్థం కావడంలో ఉంది. కానీ మెగాస్క్విర్ట్ లాంటి ఈసీయూ ఒకటి పెట్టి చూడండి. ఎన్ని ఆర్‌పీఎం దగ్గర, ఎంత భారం మీద, ఎంత ఇంధనం పోవాలో పట్టిక మీరే నింపుతారు. స్పార్క్ ఎన్ని డిగ్రీలు ముందుగా పడాలో మీరే నిర్ణయిస్తారు. కారు నడుస్తుండగానే ల్యాప్‌టాప్ మీద పాళ్ళు, వేడి, గాలి పీడనం కళ్ళముందు కదులుతుంటాయి. స్పార్క్ ప్లగ్గు విప్పి రంగు చూసి ఊహించడం కంటే ఇందులో ఇంజను నాకు వందరెట్లు ఎక్కువ అర్థమైంది. విజయవాడ ఆటోనగర్‌లో అంబాసిడర్ 1489 సీసీ బీఎంసీ ఇంజను శబ్దం విని జబ్బు చెప్పిన మేస్త్రీలంటే నాకు అపారమైన గౌరవం. ఆ విద్య వాళ్ళ చెవిలో, బుర్రలో ఉంది కానీ కార్బురేటర్‌లో లేదు. వాళ్ళ శిష్యులు ఇవాళ స్కానర్ చేతబట్టి అదే పని చేస్తున్నారు.

1960ల నాటి సెవెన్‌ను ఉన్నదున్నట్టు పునరుద్ధరిస్తున్నారా? పాత కార్ల రేసుల్లో దిగుతున్నారా? అప్పుడు క్రాస్‌ఫ్లోనే పెట్టండి, అక్కడ దాని చోటు దానిదే. వెబర్ల గర్జన వింటే నా ఒళ్ళూ పులకరిస్తుంది. ఆ శబ్దం కోసమే కావాలనుకునేవారు ఆ మాట సూటిగా చెప్పి కొనుక్కుంటే నాకు ఏ పేచీ లేదు. అసలైనది, నమ్మకమైనది, చవకైనది అని కొత్తవాళ్ళకు అంటగట్టకండి.

ఇక ఎంఎక్స్-5 కొనబోయేవారు విడి ఇంజను కాకుండా మొత్తం కారు కొనండి, అదీ నడుస్తున్నది. వైరింగ్ కత్తిరించి ఇస్తామంటే ఒప్పుకోవద్దు. తాళంచెవి, ఈసీయూ, సెన్సర్లు, కనెక్టర్లు అన్నీ చేతికి వచ్చాకే డబ్బు ఇవ్వండి. విప్పే ముందు ప్రతి వైరుకూ చీటీ కట్టి, ఫోటో తీసి పెట్టుకోండి. ఇంజను మీద చెక్కిన నంబరు పత్రాలతో సరిపోలుతోందో లేదో అక్కడే నిలబడి చూడండి, ఐవీఏ రోజున వయసు రుజువు అడిగితే అక్కరకొచ్చేవి ఆ పత్రాలే.